పాత విక్రాంత్, దాని తోబుట్టువులు: చవక బేరమా, కింద పనిచేసేవాళ్ల ప్రాణాలతో పందెమా?

తీరంవాసి (చర్చ మొదలుపెట్టినవారు)
మొన్న వేరే చర్చలో ఒకాయన మన మొదటి విమానవాహక నౌక గురించి "1971లో విక్రాంత్ పేరుకే ఉంది, అదో తుక్కు ఓడ" అని రాసి వెళ్లిపోయారు. అక్కడ జవాబిస్తే అసలు విషయం పక్కదారి పడుతుందని ఇక్కడ విడిగా పెడుతున్నాను.

రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ హడావుడిగా కట్టిన తేలికపాటి విమానవాహక నౌకలంత గిట్టుబాటైన యుద్ధనౌకలు ఇంకెక్కడా లేవన్నది నా వాదన. 1942లో వేసిన డిజైన్ అది. పెద్దవి కట్టాలంటే ఏళ్లు పడుతుంది, సముద్రం మీద విమానాలేమో అప్పటికప్పుడే కావాలి. అందుకని కవచం తీసేశారు, వాణిజ్య నౌకలు కట్టే యార్డుల్లో కూడా కట్టగలిగేలా ఓడ ఒళ్లు లాయిడ్స్ అనే వాణిజ్య నౌకల ప్రమాణాల పద్ధతిలో గీశారు. మొత్తం 16 మొదలుపెట్టారు: 10 కొలోసస్ తరగతి, 6 మెజెస్టిక్ తరగతి. యుద్ధానికి దాదాపు ఏవీ అందలేదు. నాలుగు పసిఫిక్ దాకా వెళ్లేసరికి జపాన్ లొంగిపోతోంది. కానీ తర్వాత చూడండి. బ్రిటన్, ఫ్రాన్స్, నెదర్లాండ్స్, కెనడా, ఆస్ట్రేలియా, అర్జెంటీనా, బ్రెజిల్, మనం. ఒకే డిజైన్ ఎనిమిది దేశాల జెండాలు ఎగరేసింది. కొరియా యుద్ధంలో బ్రిటన్ తరఫున పనిచేసినవి ఇవే. బ్రెజిల్ కొనుక్కున్నది 2001 దాకా నడిచింది.

మనది ఆ 16లో హెర్క్యులిస్. 1945లో నీళ్లలోకి దించి, యుద్ధం అయిపోవడంతో సగంలో వదిలేశారు. 1957లో మనం కొని బెల్‌ఫాస్ట్‌లో పూర్తి చేయించుకున్నాం. పక్కకి కోణంలో తిప్పిన డెక్, విమానాల్ని ముందుకు విసిరే ఆవిరి క్యాటపుల్ట్ పెట్టించాం. 1961 మార్చి 4న విక్రాంత్ అయింది. కొత్త ఓడ కట్టించే డబ్బు ఆరోజు మన దగ్గర ఎక్కడిది? పదేళ్లకు, 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో, అదే ఓడ బంగాళాఖాతంలో నిలబడి తూర్పు పాకిస్థాన్ తీరంలోని చిట్టగాంగ్, కాక్స్‌బజార్ మీద సీహాక్ యుద్ధవిమానాలు పంపింది. దీన్ని తుక్కు అంటారా?

వి15_రాజేష్
తుక్కు అయ్యాక కూడా నా బజాజ్ వి15 బండిలో ఉంది సార్. పెట్రోలు ట్యాంకులో ఆ ఓడ ఇనుమే. గర్వంగానే నడుపుతున్నా.

యార్డు_మనిషి
తీరంవాసి గారూ, ఒక్క ముక్క వదిలేశారు. ఆ ఓడల్ని యుద్ధం ముగిసేదాకా, లేదా మూడేళ్లు నడిస్తే చాలని గీశారు. మూడేళ్లు. వాడి పారేసే ఓడ అని కట్టినవాళ్లే అనుకున్నారు. దాన్ని మనం 36 ఏళ్లు నడిపాం. మీరు దాన్ని గొప్ప అంటున్నారు. ఓడలు బాగుచేసే పనిలో జీవితం గడిపినవాడిగా నాకు అది భయం.

1971లో దాని ఆవిరి పుట్టించే నాలుగు బాయిలర్లలో ఒకదాని వాటర్ డ్రమ్ములో, అంటే నీళ్లుండే పీపాలో, పగుళ్లు. యుద్ధానికి ముందు ఏడాదే బయటపడ్డాయి. బ్రిటన్ నుంచి విడిభాగాలు అందలేదు. ఆ బాయిలర్ ఆపేసి, మిగతా వాటిని తక్కువ ఒత్తిడిలో పెట్టి సముద్రంలోకి తీసుకెళ్లారు. 24 నాట్లకు పైగా పోవాల్సిన ఓడ 16 నాట్ల చుట్టూ తిరిగింది. దీన్ని గిట్టుబాటు అనకండి.

తీరంవాసి
మూడేళ్లు అనేది కాగితం మీది మాట. బ్రెజిల్ వాళ్లది 1945లో సేవలోకి వచ్చి 2001లో దిగింది. 56 ఏళ్లు. కాగితం ఎక్కడ, ఓడ ఎక్కడ? డిజైన్‌లో దమ్ము లేకపోతే అన్నేళ్లు నిలుస్తుందా?

ఇంజిన్ గదుల అమరిక చూడండి. రెండు బాయిలర్లు, ఒక టర్బైన్ సెట్టు కుడివైపు ముందు. మిగతా రెండు బాయిలర్లు, రెండో టర్బైన్ ఎడమవైపు వెనక. ఒక వైపు టార్పెడో తగిలినా రెండో వైపు నడుస్తుంది. చవకగా కట్టారు గానీ తెలివితక్కువగా కట్టలేదు. ఒక బాయిలర్ పోయినా 1971లో ఓడ కదిలింది అంటే ఆ అమరిక వల్లే.

యార్డు_మనిషి
మూడేళ్లు కాగితం మీది మాట కాదండీ. ప్లేట్ల మందం, పైపుల మందం, తుప్పుకి వదిలే మార్జిన్ అన్నీ ఆ అంకె చూసే వేస్తారు. మీరు ఆ అంకె దాటి వెళ్లిన ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు కింద కూర్చుని పగుళ్లు వెతుక్కుంటారు. నేను ఆ పని చేసినవాణ్ని.

మెల్‌బోర్న్_లలిత
నేను ఉండే ఊరి పేరే పెట్టుకున్న ఓడ ఈ కుటుంబంలోదే కాబట్టి రెండు మాటలు. హెచ్.ఎం.ఎ.ఎస్. మెల్‌బోర్న్ మన విక్రాంత్‌కి సొంత తోబుట్టువు, మెజెస్టిక్ తరగతి. ఇక్కడ ఆ పేరెత్తితే పెద్దవాళ్లకి గుర్తొచ్చేది రెండు ప్రమాదాలు. 1964 ఫిబ్రవరి 10 రాత్రి తనకు తోడుగా ఉన్న వోయేజర్ అనే డిస్ట్రాయర్ దీని ముందుకు అడ్డం తిరిగింది. రెండు ముక్కలైంది, 82 మంది చనిపోయారు. 1969లో అమెరికా నౌక ఎవాన్స్ అలాగే అడ్డం వచ్చింది, 74 మంది. రెండుసార్లూ తప్పు ఓడ డిజైన్‌ది కాదు. మెల్‌బోర్న్ రెండుసార్లూ తన ముక్కు బాగుచేయించుకుని మళ్లీ పనిలోకి వెళ్లింది. ఒళ్లు బలహీనం అనేవాళ్లు ఇది చూడాలి.

కానీ యార్డు_మనిషి గారి వైపు కూడా ఒక ఉదాహరణ ఉంది. 1982 మే 2న, బ్రిటన్‌తో యుద్ధంలో, ఫాక్‌లాండ్స్ దీవుల దగ్గర అర్జెంటీనా వాళ్ల వెయింటిసింకో డి మాయో, అంటే పాత వెనరబుల్, బ్రిటిష్ నౌకల మీదికి స్కైహాక్ దాడి విమానాలు పంపడానికి సిద్ధమైంది. గాలి లేదు. బాంబులు మోస్తున్న విమానం చిన్న డెక్ మీంచి లేవాలంటే ఓడ వేగం, ఎదురుగాలి రెండూ కలవాలి. ఓడకి అంత వేగం లేదు, గాలి పడిపోయింది. దాడి ఆగిపోయింది. అదే రోజు వాళ్ల యుద్ధనౌక బెల్‌గ్రానో మునిగింది. ఆ తర్వాత వాహకనౌక రేవుకి పోయి మళ్లీ రాలేదు.

యార్డు_మనిషి
నేను చెప్పేది ఇదే. వేగం లేని వాహకనౌక విమానాల్ని మోసే పడవ, అంతే.

తీరంవాసి
లలిత గారూ, ఆరోజు అర్జెంటీనాకి అడ్డం పడింది వాతావరణం. దక్షిణ అట్లాంటిక్‌లో గాలి లేని రోజు దొరకడం వాళ్ల దురదృష్టం. 1971 డిసెంబరులో మన దగ్గరా గాలి పెద్దగా లేదు, ఓడ 16 నాట్లే, అయినా డిసెంబరు 4 ఉదయం ఎనిమిది సీహాక్‌లు కాక్స్‌బజార్ వెళ్లాయి. సీహాక్ తేలిక విమానం, స్కైహాక్ బరువు. చిన్న ఓడకి చిన్న విమానం సరిపెట్టుకున్నవాళ్లు గెలిచారు.

కృష్ణలంక_శ్రీను
సరిపెట్టుకున్నారు సరే, ఎదురుగా ఎవరున్నారు? తూర్పున పాకిస్థాన్ వైమానిక దళానికి ఢాకాలో ఒక్క సేబర్ యుద్ధవిమానాల స్క్వాడ్రన్. మన వైమానిక దళం అక్కడి తేజ్‌గావ్ రన్‌వే గుంటలు చేసి రెండు మూడు రోజుల్లో దాన్ని నేలకు కట్టేసింది. చిట్టగాంగ్ చమురు ట్యాంకుల మీద డిసెంబరు 3 రాత్రే బంగ్లాదేశ్ వాళ్ల చిన్న వైమానిక బృందం కిలో ఫ్లైట్ కుర్రాళ్లు చిన్న ఓటర్ విమానంతో దాడి చేశారు. విక్రాంత్ లేకపోయినా ఆ యుద్ధం గెలిచేవాళ్లం.

తీరంవాసి
గెలిచేవాళ్లం, కానీ సముద్రం దారి ఎవరు మూస్తారు? చిట్టగాంగ్ నుంచి ఓడల్లో సైన్యం తప్పించుకోకుండా, బయటి నుంచి సాయం రాకుండా ఆపింది నేవీ దిగ్బంధం. దానికి మధ్యలో ఉన్నది విక్రాంత్. సీహాక్‌లు పగలు, జలాంతర్గాముల్ని వేటాడే అలీజే విమానాలు రాత్రి. రేవులో ఓడలు, రన్‌వే, ఖుల్నా, మోంగ్లా. ఆ పది రోజులు ఏ ఎయిర్‌ఫోర్స్ స్థావరం నుంచి మీరు అన్నిసార్లు తీరం పొడుగునా తిరుగుతారు?

గాజీ సంగతి ఎవరూ ఎత్తలేదేం? పాకిస్థాన్ తన దగ్గరున్న ఏకైక దూరప్రయాణపు జలాంతర్గామిని కరాచీ నుంచి మా విశాఖపట్నందాకా పంపింది ఎందుకు? తుక్కు ఓడ కోసమా? తూర్పు నౌకాదళం అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ విక్రాంత్‌ని అండమాన్‌లో దాచి, పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్ చేత విక్రాంత్ ఇక్కడే ఉందన్నట్టు వైర్‌లెస్ సందేశాలు పంపించారు. గాజీ వచ్చి మా హార్బర్ మొగదాల దగ్గరే మునిగింది. 93 మంది పోయారు. ఓడ కనపడకుండానే శత్రువు అత్యుత్తమ జలాంతర్గామిని లాక్కొచ్చింది.

కృష్ణలంక_శ్రీను
గాజీని రాజ్‌పుత్ ముంచిందా, దాని మైను దాన్నే ముంచిందా అన్నది ఇంకా తేలలేదు. పాకిస్థాన్ రెండోదే అంటుంది.

తీరంవాసి
రాజ్‌పుత్ డెప్త్‌చార్జీలు, అంటే నీటి లోపల పేలే బాంబులు, వేసింది, అర్ధరాత్రి పేలుడు వినపడింది, పొద్దున్నే జాలరులకి తేలిన సామాన్లు దొరికాయి. ఇంకేం కావాలి?

కృష్ణలంక_శ్రీను
డెప్త్‌చార్జీలు వేసిన వేళ, పేలుడు వేళ ఒకటేనా కాదా అన్నదే కదా గొడవ. పేలుడు లోపలి నుంచి జరిగిందనే వాదన కూడా ఉంది. మీరు దాన్ని పట్టించుకోవడం లేదు.

తీరంవాసి
మా అమ్మవాళ్లు అప్పుడు వన్‌టౌన్‌లో ఉండేవారు. లైట్లు ఆర్పేసి కిటికీలకి నల్ల కాగితాలు అంటించుకుని కూర్చున్నారు. అర్ధరాత్రి భూకంపం వచ్చినట్టు కిటికీ అద్దాలు అదిరాయని, చంకలో నన్ను పెట్టుకుని వీధిలోకి పరిగెత్తానని ఇప్పటికీ చెబుతుంది. మీకు అది పుస్తకంలో గడియారం లెక్క. మాకు అది మా ఇంటి గుమ్మం. ఆ నౌకల్ని మీరు ఇంత తేలిగ్గా తీసిపారేస్తుంటే నాకు కోపం వస్తుంది, దాచుకోను.

మోడరేటర్
గాజీ మీద వేరే చర్చ ఉంది. ఇక్కడ నౌకల సంగతి మాట్లాడండి. మాటలు జాగ్రత్త.

యార్డు_మనిషి
మీ అమ్మగారి భయం నిజం, తీరంవాసి గారూ. నా దగ్గరా ఒక నిజం ఉంది, వినండి.

నేను పనిచేసిన ఒక ప్రైవేటు రిపేరు యార్డుకి పాత డ్రెడ్జర్ వచ్చింది. దాని సహాయక బాయిలర్‌లో ట్యూబులు పలచబడిపోయాయి. సుత్తితో కొడితే మోతలోనే తెలుస్తుంది, మంచి ట్యూబు గంటలా మోగుతుంది, అరిగింది మొద్దుగా పలుకుతుంది. నేను చాక్‌పీసుతో గుర్తులు పెట్టి, మార్చాల్సిందే అని రాసిచ్చాను. ఓనర్ మనిషి వచ్చి, ఈ ఒక్క ట్రిప్పు అవ్వనీ, ఒత్తిడి తగ్గించి నడుపుదాం అన్నాడు. సరిగ్గా 1971 మాట. ఒత్తిడి తగ్గించారు. ట్యూబు పేలింది. మాతో పనిచేసే కుర్రాడికి మెడ నుంచి మోచేతుల దాకా కాలింది. బతికాడు గానీ ఆ చేతులతో మళ్లీ స్పానర్ పట్టలేకపోయాడు. పరిహారం కోసం తిరిగి తిరిగి విసిగిపోయాడు. రాసిచ్చిన నా కాగితం ఫైల్లో లేదన్నారు.

అందుకని పగిలిన బాయిలర్‌తో యుద్ధానికి వెళ్లాం అని ఎవరైనా మీసం మెలేస్తే నాకు ఆ కుర్రాడి చేతులే కనపడతాయి.

తీరంవాసి
డబ్బు కోసం నడిపిన డ్రెడ్జర్‌కీ దేశం కోసం నడిపిన విక్రాంత్‌కీ పోలికా? ఆ రోజు ఓడ కదలకపోతే గాజీ మా రేవు ముందు ఓడల్ని ఒక్కొక్కటిగా కొట్టేది. నిర్ణయం తీసుకున్నవాళ్లకి ప్రమాదం తెలుసు. తెలిసే వెళ్లారు. మీరు వాళ్లని మీ ఓనర్ పక్కన నిలబెట్టారు. చాలా తప్పు మాట అన్నారు.

యార్డు_మనిషి
నిర్ణయం తీసుకున్నవాళ్లు పైన బ్రిడ్జిలో, ఓడ నడిపే గదిలో, ఉన్నారు. బాయిలర్ కింద ఉంది. నేను అడుగుతున్నది అదే. మీకు మొదటి నుంచీ అర్థం కావట్లేదు.

మెల్‌బోర్న్_లలిత
ఇద్దరూ కాస్త ఆగండి. ఓడ బాగుందా లేదా అన్నదాని మీద మీ ఇద్దరికీ నిజానికి పెద్ద తేడా లేదు. కొన్న ధర ఒకటి, నడిపే ధర ఇంకొకటి. రెండోది ఎవరు కట్టారన్నదే గొడవ. ఈ ఓడలు కొన్న ప్రతి దేశంలోనూ అదే జరిగింది. కెనడా తన బోనవెంచర్‌కి అంచనా దాటేసి డబ్బు పోసి 1967కల్లా రీఫిట్ (పూర్తి మరమ్మతు) చేయించింది. మూడేళ్లకే, 1970లో పక్కన పెట్టేసింది. ఆస్ట్రేలియా 1982లో మెల్‌బోర్న్‌ని దించాక దాని స్థానంలో ఇంకోటి కొనలేదు. చవకగా దొరికిన ఓడ ఒక తరం నౌకాదళానికి వాహకనౌక అలవాటు చేసింది. దాన్ని పోషించే ఖర్చు వచ్చేసరికి ఇలా కొందరు వెనక్కి తగ్గారు.

నేవీ_పిల్లోడు
ఇన్నాళ్లూ చదవడమే గానీ ఇక్కడ రాయలేదు. మా నాన్న విక్రాంత్ బాయిలర్ గదిలో పనిచేశారు. 1971లో కాదు, 1979-82 పెద్ద రీఫిట్‌లో బాయిలర్ల పని అంతా అయ్యాక. అంటే మంచి రోజుల్లోనే. మంచి రోజుల్లో కూడా ఒక్కో డ్యూటీ నాలుగు గంటలు. ఇనుప నిచ్చెన పట్టుకుంటే చేతులు కాలేవని, అందుకే గుడ్డపీలిక చుట్టుకునేవాళ్లమని చెబుతారు. ఉప్పు వేసిన నిమ్మరసం బకెట్లో పెట్టుకుని తాగేవారట. ఆయనకి ఇప్పుడు కుడి చెవి వినపడదు.

ఆయన్ని అడిగాను, పగిలిన డ్రమ్ముతో వెళ్లడం తప్పా అని. యుద్ధం అంటే వెళ్లాలి, నేనూ వెళ్లేవాణ్ని అన్నారు. తీరంవాసి గారి మాటే. ఆ వెంటనే ఇంకోటి అన్నారు: గెలిచాక ఆ కథ ప్రతి ఏడాదీ చెప్పారు, కానీ స్పేర్లు అడిగితే మాత్రం "మూడు బాయిలర్లతో యుద్ధమే చేశాం కదా" అనే జవాబు వినాల్సి వచ్చేది అని. ఆయనకి బాధ అక్కడ.

1971లో విక్రాంత్ నడిపిన కెప్టెన్ స్వరాజ్ ప్రకాశ్ గారికి మహావీర చక్ర వచ్చింది. సీహాక్‌ల వైట్ టైగర్స్ స్క్వాడ్రన్ నడిపిన గుప్తా గారికి వచ్చింది. వాళ్లు అర్హులు. కింద ఆ డిసెంబరు అంతా డ్రమ్ము పక్కన నిలబడ్డవాళ్ల పేర్లు నేను చదివిన వ్యాసాల్లో ఎక్కడా కనపడలేదు.

వి15_రాజేష్
మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పండి అన్నా.

కృష్ణలంక_శ్రీను
ఇది మొదటి రోజే రాసి ఉంటే మేం ఇంత కొట్టుకునేవాళ్లం కాదు.

యార్డు_మనిషి
మీ నాన్నగారి మాటే నేను వారం నుంచి చెప్పడానికి చూస్తున్నాను. ఒక్కసారి తప్పనిసరై చేసిన సాహసం తర్వాత పద్ధతి అయిపోతుంది. విక్రాంత్‌కి 1989లో స్కీ జంప్, అంటే విమానం లేవడానికి పైకి వంచిన డెక్ కొస, పెట్టించారు, 1994 తర్వాత సముద్రంలోకి పోనేలేదు, 1997లో దించేశారు. ముంబైలో మ్యూజియం చేసి, ఒళ్లు పాడైందని 2012లో మూసేశారు. 2014లో 60 కోట్లకు తుక్కుకి అమ్మేశారు. కొనడానికీ రంగులెయ్యడానికీ డబ్బుంటుంది, చూసుకోవడానికి ఉండదు.

ఇది పాత సంగతి అనుకోకండి. రష్యా వాహకనౌక గోర్ష్‌కోవ్‌ని, ఇప్పటి మన విక్రమాదిత్యని, ఓడ ఉచితం, మరమ్మతుకే డబ్బు అని 2004లో ఒప్పుకున్నాం. 97 కోట్ల డాలర్లన్నది 235 కోట్ల డాలర్లయింది. 2012 ట్రయల్స్‌లో విక్రమాదిత్య ఎనిమిది బాయిలర్లలో ఏడు మొరాయించాయి. 2019లో కార్వార్ చేరుతుండగా లోపల మంటలు లేచాయి, ఆర్పబోయిన యువ అధికారి ప్రాణం పోయింది. చవక ఓడ, ఆవిరి, కింద మనిషి. పాత కథే.

తీరంవాసి
విక్రమాదిత్య 45 వేల టన్నుల ఓడ. మనం మాట్లాడేది 20 వేల టన్నుల లోపు తరగతి గురించి. కలపకండి.

యార్డు_మనిషి
టన్నులు కాదు నేను చెప్పేది.

తీరంవాసి
తెలుసు. నేవీ_పిల్లోడు గారూ, మీ నాన్నగారు చెప్పిన స్పేర్ల సంగతి నాకు కొత్త, చదివి బాధేసింది. అయినా ఒక్క విషయంలో నేను కదలను. 1957లో మన ముందున్నవి రెండే దారులు: సగం కట్టిన హెర్క్యులిస్, లేదా ఏమీ లేకపోవడం. ఏమీ లేకపోతే పైలట్లు ఎక్కడ నేర్చుకునేవారు? సీహాక్, అలీజే, తర్వాత సీహారియర్, అన్నీ ఆ డెక్ మీదే నేర్చుకున్నారు. 2022లో కొచ్చిలో కొత్త విక్రాంత్ మనమే కట్టుకోగలిగామంటే దాని వెనక ఆ అనుభవం ఉంది. దాంట్లో బాయిలర్లు లేవు, గ్యాస్ టర్బైన్లు నాలుగు. యార్డు_మనిషి గారికి ఆ ఒక్కటైనా నచ్చాలి.

యార్డు_మనిషి
నచ్చింది. టర్బైన్ల ఓవర్‌హాల్‌కి ప్రతి ఏడాదీ ఎంత కేటాయిస్తారో కూడా చూపిస్తే ఇంకా నచ్చుతుంది. మూడో వాహకనౌక కావాలా వద్దా అని మీరు ఇంకో చర్చ పెట్టారు కదా, ఈ ప్రశ్న అక్కడా వేస్తాను.

తీరంవాసి
వేయండి. కావాలి అనే వైపు నేనుంటాను. ఈసారి నడిపే ఖర్చు లెక్కతోనే వస్తాను.